ధరల సూచీ వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ వారికి,
లేబర్ బ్యూరో, సిమ్లా.

బస్తర్ జిల్లా నగర్‌నార్ నుంచి ఒక తెలుగు ఫిట్టరు నమస్కరించి రాసుకున్న బహిరంగ అర్జీ.

ఉభయకుశలోపరి అని మొదలెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. తమరి కుశలం ఎప్పటికప్పుడు పేపర్లో చూస్తూనే ఉన్నాం. 2016లో నూరు దగ్గర బయల్దేరి నూట నలభై దాటారు. దిష్టి తగలకూడదు గానీ, బాగా ఒళ్లు చేశారు. మా కుశలం ఏ పేపర్లోనూ పడదు గనక ఈ ఉత్తరం.

ముఖ్యమంత్రికి రాయొచ్చు కదా, ఉక్కు మంత్రికి రాయొచ్చు కదా, సిమ్లాలో నీకెవరున్నారు అని మా గదిలోవాళ్లు వెక్కిరించారు. వాళ్లకేం తెలుసు? మంత్రులు వస్తారు, పోతారు. ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మా కూలి ఎంత పెరగాలో తేల్చేది తమరే. ఆర్నెల్ల సగటు తమరు చూపిస్తారు, దాన్ని కరువు భత్యంగా మార్చి ఢిల్లీలో ఉత్తర్వు ఇస్తారు. ఆ తర్వాత కాంట్రాక్టరు, లేబరాఫీసరు, యూనియన్ నాయకుడు ముగ్గురూ ఒకటే కాగితం చూపించి ‘ఇదే రేటు’ అంటారు. వాళ్ల ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరే విషయం ఇదొక్కటే. కాబట్టి కాగితంతో కాక, కాగితం వెనకున్న తమరితోనే మాట్లాడదామని.

మా ఊరు తమకు తెలిసుండదు. జగదల్‌పూర్‌కి పదహారు కిలోమీటర్లు, ఒడిశా సరిహద్దుకి కూతవేటు దూరం. భత్రీ, హల్బీ మాట్లాడే పల్లెల మధ్య ఎన్‌ఎండీసీ వారు ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం కట్టారు. 2001లో భూసేకరణ అంటే ఊళ్లు ఎదురుతిరిగాయి. శంకుస్థాపన 2003లో. బ్లాస్ట్ ఫర్నేసు రాజుకున్నది 2023 ఆగస్టులో. మధ్యలో పుట్టిన పిల్లలు ఐటీఐ కూడా పూర్తిచేసేశారు. 2023 అక్టోబరు 3న ప్రధాని వచ్చి జాతికి అంకితమిచ్చారు. ఖర్చు 23,800 కోట్ల పైమాట.

ఇంత అడవిలోకి తెలుగువాళ్లు ఎలా వచ్చారంటే, అదీ ఇనుము సంగతే. బైలదిల్లా కొండల ఇనుపరాయి విశాఖ రేవుకీ, అక్కణ్నుంచి జపానుకీ పోవడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. రాయి కిందికి దిగింది, మనుషులు పైకెక్కారు. కిరండూల్, బచేలీ, జగదల్‌పూర్ మూడు చోట్లా తెలుగు వినపడేది అందుకే. ఆ రాయి తవ్వే ఎన్‌ఎండీసీ పెద్దాఫీసు కూడా హైదరాబాదు మాసబ్ ట్యాంకులోనే ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చి నేను ఎక్కిందీ ఆ రైలే.

ఇక అసలు మనవి. తమరు దేశం మొత్తమ్మీద 88 పారిశ్రామిక కేంద్రాల్లో, 317 బజార్లలో ధరలు అడిగి తెలుసుకుంటారు. ఆంధ్రాలో గుంటూరు, నెల్లూరు, విశాఖపట్నం. తెలంగాణలో హైదరాబాదు, వరంగల్, మంచిర్యాల. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్, భిలాయి, కోర్బా. ఆ వరసలో జగదల్‌పూర్ లేదు. పారిశ్రామికంగా ముఖ్యమైన ఊళ్లనే ఎంచుకున్నామని తమరి సెలవు. 23,800 కోట్ల కర్మాగారాన్ని పక్కలో పెట్టుకుని కూడా మేం ముఖ్యం కాలేకపోయాం. ఇంకా ఏం కట్టించమంటారో చెబితే కనుక్కుంటాం.

తమరి మనుషులు ధర అడిగే బజారు రాయ్‌పూర్‌లో ఉంది. అది మాకు దాదాపు మూడొందల కిలోమీటర్లు. విశాఖ బజారూ దాదాపు అంతే. రాయ్‌పూర్‌కి నేరుగా రైలుమార్గం లేదు. ఆ లోటు తీర్చే రావ్‌ఘాట్–జగదల్‌పూర్ లైనుకి కేంద్రం ఒప్పుకున్నదే 2025 మే నెలలో. అందాకా ఉల్లిపాయ నుంచి ఉప్మారవ్వ దాకా అన్నీ కేశ్‌కాల్ ఘాటు ఎక్కే లారీలోనో, కోరాపుట్ కొండలు దాటే లారీలోనో రావాలి. లారీ ఎక్కిన ప్రతి వస్తువూ దిగేటప్పటికి కొంచెం గొప్పదై దిగుతుంది. ఘాటులో రోడ్డు దిగబడిందా, ఇంకొంచెం గొప్పదవుతుంది. ఇక్కడ నిజంగా చవకైంది చింతపండు. అది అడవిది, జగదల్‌పూర్ మండీకి పెట్టింది పేరు. ఆ ధైర్యంతోనే మా గదిలో వారంలో సగం రోజులు ఉత్త పులుసు. తమరి బుట్టలో చింతపండు ఒక్కటే ఉంటే మేం కోటీశ్వరులం.

సరే, ధర ఎవరూ అడగని ఊరికి కూలి ఎలా కట్టారంటే, జనాభా చూసి కట్టారు. కేంద్రం పట్టికలో ఊళ్లు మూడు రకాలు. ‘ఎ’ అంటే హైదరాబాదు లాంటి మహానగరాలు. ‘బి’ అంటే విశాఖ, విజయవాడ, రాయ్‌పూర్. ‘సి’ అంటే మిగిలిన భారతదేశం, అందులో మేము. 2017 జనవరిలో మూలవేతనాలు సవరించినప్పుడు నిర్మాణ పనుల్లో అన్‌స్కిల్డ్ కూలీకి ‘ఎ’లో రోజుకు 523 రూపాయలు, ‘బి’లో 437, ‘సి’లో 350 అన్నారు. అదే పార, అదే సిమెంటు బస్తా. నెలకు 26 హాజరీలు వేసుకుంటే హైదరాబాదు కూలీకీ మాకూ తేడా 4,498 రూపాయలు. ఆపైన పెరిగే భత్యం కూడా ఈ మూలానికి తగ్గట్టే పెరుగుతుంది కాబట్టి, తమరు ఒళ్లు చేసినకొద్దీ ఆ తేడా కూడా ఒళ్లు చేస్తోంది.

చిన్న ఊళ్లో బతుకు చవక అని ఎవరో పెద్దమనిషి ఎప్పుడో అనుకున్నాడు. చిన్న ఊరు చిన్న ఊరుగా ఉన్నన్నాళ్లూ అది నిజమే. పక్కన ఉక్కు కర్మాగారం లేచాక కాదు.

మా గది చూపిస్తాను రండి. హైవేకి కాస్త లోపలగా వరసగా వేసిన గదుల్లో చివరిది. పైన సిమెంటు రేకులు, అందరికీ ఒకటే కుళాయి, వసారాలో సబ్‌మీటరు. కరెంటు యూనిట్ ధర కరెంటాఫీసు చెప్పేది ఒకటి, ఇంటాయన పుస్తకంలో ఉండేది ఒకటి. లోపల మంచాలు రెండు, మనుషులం ఐదుగురం. ఎ షిఫ్టు వాడు తెల్లారగట్ల లేచి గేటుకి పరిగెడతాడు. సి షిఫ్టు వాడు తిరిగొచ్చి అదే పక్క మీద వాలతాడు, దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైవాళ్లు ఊళ్లను ఎ, బి, సి అని విడదీశారు గానీ, మేం మాత్రం ఒక్క మంచాన్ని ఎ, బి, సి అని పంచుకుంటున్నాం. ఎవరికైనా జ్వరం వచ్చి డ్యూటీకి పోలేకపోతే హాజరీతో పాటు ఇంకొకడి నిద్ర కూడా పోతుంది.

ఇంటాయన చెడ్డవాడు కాడు. పొలం కర్మాగారంలో పోతే, వచ్చిన పరిహారంతో ఈ గదులు వేసుకున్నాడు. ఆయన పంట ఇప్పుడు మేమే. పక్క వీధిలో పర్మనెంటు ఉద్యోగికి ఇంటద్దె భత్యం వస్తుంది. ఆ భత్యం ఎంతో ఊరందరికీ తెలుసు, అద్దె అక్కణ్నుంచి మొదలవుతుంది. అదే అద్దె కాంట్రాక్టు హెల్పరుకీ చెబుతారు. జీతాలు రెండు రకాలున్న ఊళ్లో అద్దె ఒకటే రకం. కిరాణా కొట్టులోనూ, పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లకి స్కూలు ఫీజులోనూ ఇదే వరస.

ఈ అద్దెకి ప్రభుత్వం వారు కట్టిన లెక్క చదివితే నవ్వొస్తుంది. కొత్త వేతన చట్టానికి 2020లో రాసిన ముసాయిదా నియమాల్లో తిండికీ బట్టకీ అయ్యే ఖర్చులో పదోవంతు అద్దెకి చాలన్నారు. కేంద్రం నియమించిన సత్పతి కమిటీ 2019లో ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌లను ఒకే ప్రాంతంలో చేర్చి రోజుకు 380 రూపాయల కనీస వేతనం చెప్పింది, పట్టణాల్లో అద్దె కోసం అదనంగా రోజుకు 55 దాకా ఇవ్వొచ్చంది. నెలకు 1,430. ఆ డబ్బుతో మా మంచంలో నా షిఫ్టు వాటా వస్తుంది. ఆ ముసాయిదాలోనే నలభై లక్షల జనాభా ఉంటే మహానగరమనీ, పది లక్షలు దాటితే ఒక తరగతనీ, తక్కినదంతా గ్రామీణమనీ ఉంది. 2011 లెక్కల్లో జగదల్‌పూర్ జనాభా లక్షా పాతికవేలు. పై తరగతికి పోవాలంటే ఇంకెంతమందిని కనాలో మా ఆవిడకి చెబితే ఫోన్ పెట్టేసింది.

అవును, మా ఆవిడ ఫోన్లోనే ఉంటుంది. ఇది తమరి లెక్కలో లేని ఇంకో సంగతి. 1957 కార్మిక సదస్సు కనీస వేతనానికి కుటుంబాన్ని కొలిచిపెట్టింది. సంపాదించేవాడు ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6, మొత్తం మూడు. తల్లిదండ్రులు లేరు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దయతలచి చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం మరో పాతిక శాతం కలపమంది. బాగుంది. కానీ ఆ మూడు యూనిట్లూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటారని అందరూ అనుకున్నారు. నా ఒక యూనిట్ నగర్‌నార్‌లో, మిగతా రెండూ శ్రీకాకుళంలో. రెండు పొయ్యిలు, రెండు గ్యాసుబండలు, రెండు అద్దెలు, మధ్యలో రైలు చార్జీ. వలస వచ్చినవాడి కాపురానికి ఏ సదస్సూ ఫార్ములా రాయలేదు. వలస కూలీలు లేకుండా ఈ దేశంలో ఏ కర్మాగారం లేచిందో నాకైతే తెలియదు.

స్థానికులకీ మాకూ పడదని తమకెవరైనా చెప్పి ఉండొచ్చు. కొంత నిజమే. భూమి పోయింది మాది, పని బయటివాళ్లకా అని ఇక్కడి భత్రా తెగ కుర్రాళ్లు అడుగుతారు. అడగాల్సిన మాటే. రేటు పెంచమని వాళ్లు అడిగితే ‘తెలుగోళ్లు ఇదే రేటుకి దిగుతున్నారు’ అని కాంట్రాక్టరు జవాబు. మేం అడిగితే ‘ఊళ్లోవాళ్లు ఇంతకన్నా తక్కువకి తయారు’ అని జవాబు. ఒకరోజు నేనూ పక్క ఊరు అమాగూడ కుర్రాడూ పేస్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. రెండిట్లోనూ అదే ‘సి’. కాకపోతే అతనికి ఇంట్లో నాలుగు కోళ్లున్నాయి.

అంత కష్టమైతే ఇంటికి పొమ్మంటారా? ఇంటి దగ్గరున్నది విశాఖ ఉక్కు. నగర్‌నార్‌ని అమ్మకానికి పెట్టాలని కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులో తీర్మానిస్తే, విశాఖని 2021 జనవరిలో. 2025 జనవరిలో విశాఖకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ మే నెలలోనే కాంట్రాక్టు కార్మికులు తొలగింపులు ఆపమని సమ్మె చేశారు. అక్కణ్నుంచి తీసేసినవాళ్లు పని ఉందా అని ఇక్కడికి ఫోన్లు చేస్తుంటే, నేను అక్కడికెలా పోను?

రాజ్యాంగం 43వ అధికరణంలో కార్మికుడికి బతకడానికి చాలినంత వేతనం అని రాసి ఉంది. అది పెద్దమాట, దాని జోలికి పోను. 2025 నవంబరు 21 నుంచి ఆ కొత్త వేతన చట్టం అమల్లోకొచ్చింది, పాత చట్టం పోయింది. చట్టం కొత్తదైనప్పుడే ఊళ్ల లెక్క కూడా కొత్తగా చూడటం తేలిక. జనాభాని బట్టి కాక, అక్కడి అద్దెనీ సరుకు వచ్చే దూరాన్నీ బట్టి ఊరిని కొలవమంటున్నాం. ఇందులో విప్లవం ఏమీ లేదు, తమరు చేసే పనే, మా దగ్గర కూడా చేయమంటున్నాం.

ముందు ఒక మనిషిని పంపండి. విశాఖలో కిరండూల్ ప్యాసింజరు ఎక్కితే జగదల్‌పూర్‌లో దిగొచ్చు. కూరగాయలు, నూనె, గ్యాసు, స్కూలు ఫీజు, గది అద్దె అన్నీ రాసుకుని వెళ్లమనండి. ఎక్కువ వేయక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. జగదల్‌పూర్‌ను ఎనభై తొమ్మిదో కేంద్రంగా చేర్చండి. చేర్చేదాకా కర్మాగారం గేటు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు ఊళ్లన్నిటినీ ‘బి’ ఏరియాగా చూడమని పైవాళ్లకి ఒక ముక్క రాయండి. 2017 నాటి మూలం ప్రకారమే అయినా రోజుకు 87 రూపాయలు, నెలకు 2,262. ఆ మాత్రం వచ్చినా ఈ గదిలో ఇంకొక మంచం పడుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కాంట్రాక్టు ఫిట్టరు,
‘సి’ ఏరియా, నగర్‌నార్.