మగ్గేసిన వైరు

మా ముందు గది మూడు రోజులుగా ఎవరూ లేకుండానే పాడుకుంటోంది. మనవడు బెంగుళూరు నుంచి వచ్చి కొత్త స్పీకర్లు పెట్టి, వాటికి వేలెడు లావు వైరు బిగించి వెళ్లాడు. "తాతా, ఆపకు. వైరు బర్న్-ఇన్ అవ్వాలి. రెండొందల గంటలు పాడితే గానీ దాని గొంతు విప్పుకోదు" అని అప్పగింతలొకటి. మామిడికాయలు గడ్డిలో మగ్గేయడం తెలుసు, ఆవకాయ జాడీలో ఊరడం తెలుసు. రాగితీగ మగ్గుతుందని డెబ్భై దాటాక విన్నాను. దాని ఖరీదు ఇక్కడ రాయను. మా ఆవిడ కూడా పత్రికలు చదువుతుంది.

మా రోజుల్లో వైరంటే మైకుసెట్టువాడి వైరు. మార్గశిర గురువారాలకి బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర స్తంభాలకి గొట్టం మైకులు కట్టేవారు. వైరు ఎక్కడ తెగితే అక్కడ పళ్లతో తొక్క పీకి, మెలిపెట్టి, టేపు చుట్టేవాడు. ప్లగ్గనేదే లేదు. రెండు కొసలూ సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చేసేవాడు (మీరు చేయకండి, షాక్ కొడుతుంది). ఘంటసాల గొంతు హార్బరు దాకా వెళ్లేది.

ఇంట్లో వాల్వు రేడియో. మీట తిప్పాక వాల్వులు వేడెక్కి గొంతు రావడానికి అర నిమిషం. మేము ఓర్చుకున్న బర్న్-ఇన్ అంతే. 1963లో విశాఖ ఆకాశవాణి వచ్చాక కూడా, రేడియో సిలోన్ నుంచి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం వరండాలో రాగిజాలీ ఏరియల్ ఉండాల్సిందే. సముద్రపు గాలికి ఏడాది తిరక్కుండా చిలుము పట్టి పచ్చబడేది. ఈ ఊళ్లో రాగి వయసుతో బాగుపడటం నేను చూళ్లేదు.

ఉక్కు ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్లో ముప్పై ఏళ్లు కేబుళ్లతోనే నా కాపురం. మెగ్గర్ పెట్టి ఇన్సులేషను చూడటం, రిజిస్టరులో రాయడం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అంకె దిగడమే. ఎక్కిందంటే అది వానకి తడిసిన మోటారు వైండింగు, మేము బల్బులు పెట్టి ఆరబెట్టినది.

అసలు బర్న్-ఇన్ చూడాలంటే కోకు అవెన్ల దగ్గరికి రావాలి. అవెన్ల వరసని బ్యాటరీ అంటాం. 7 మీటర్ల ఎత్తు, లోపలంతా సిలికా ఇటుక. ఆ ఇటుక వేడికి ఒక్క తీరుగా సాగదు, కొన్ని డిగ్రీల దగ్గర గబుక్కున ఉబ్బుతుంది. అందుకని కొత్త బ్యాటరీని రోజుకి ఇన్ని డిగ్రీలని లెక్కగట్టి, బాలింతకి పథ్యం పెట్టినట్టు, రెండు మూడు నెలలు మెల్లగా కాస్తారు. తొందరపడితే గోడ పగులుతుంది. 1990లో గోదావరి అనే బ్లాస్టు ఫర్నేసు రాజుకునే ముందు మా దగ్గర జరిగిన తంతు ఇదే. అక్కడ మారేది ఇటుక. మరి వైరులో మారేదేమిటి? రాగి మెత్తబడాలంటే కొలిమిలో వందల డిగ్రీలు కావాలి. పాట మోసే కరెంటుకి ఆ తీగ గోరువెచ్చన కూడా అవదు. మామూలు 1.5 వైరు 5 మీటర్లు లాగితే, పోనూ రానూ కలిపి రెసిస్టెన్సు ఓములో ఎనిమిదో వంతు. అవతల స్పీకరుది 8 ఓములు. దీని మీద ఇంత రాద్ధాంతం!

పైగా ఆ వైరు మీద బాణం గుర్తొకటి, ఇటే బిగించాలిట. పాట కరెంటు సెకనుకి వేలసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుందిరా, ఏ బాణం చూసి నడుస్తుందీ అంటే, "నీకు వినపడదులే తాతా" అన్నాడు. అదీ నిజమే. కీచురాళ్లు నాకెప్పుడో ఆగిపోయాయి.

స్పీకరు సంగతి వేరు, ఒప్పుకుంటాను. కోను చుట్టూ ఉన్న రబ్బరూ, వెనక ముడతల గుడ్డా కొత్త చెప్పుల్లా బిర్రుగా ఉండి, కాసిని గంటలు పాడాక సళ్లుతాయి. ఆ తరవాత అలవాటు పడేది వినేవాడి చెవి. నాలుగు రోజులు ఒకే హోటల్లో తింటే సాంబారులో ఉప్పు తెలీదు చూడండి, అలాగ. ఆ చెవి కూడా ఇప్పుడు బెంగుళూరులోనే ఉంది.

ఇంకా నూట పాతిక గంటలు. నిన్న రాత్రి కరెంటు బిల్లు తలుచుకుని ఆపేద్దామని వెళ్లాను. మా ఆవిడ స్పీకర్ల ముందు చాప పరుచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఉండనియ్యండి, ఈ పాట అవనియ్యండి" అంది.

పాట అయింది. తరవాతదీ అయింది.