సవిమర్శకముగా చర్చింపుము: టీకా తాత్పర్యములు

మూలము: సవిమర్శకముగా చర్చింపుము. (10 మార్కులు)

అవతారిక: చెరకు ట్రాక్టర్లు ఉయ్యూరు చక్కెర మిల్లు ముందు బారులు తీరే రోజుల్లో, గైడులోని ఇంపార్టెంట్లను తెల్లవార్లూ నమిలి వచ్చిన డిగ్రీ విద్యార్థికి ప్రశ్నపత్రం ఇచ్చే ఆజ్ఞ ఇది.

టీక: చర్చింపుము అనగా చర్చ చేయుము. చర్చకు కనీసం ఇద్దరు కావాలి గాని, పరీక్ష హాల్లో పక్కవాడితో పెదవి కదిపితే దానికి మాల్‌ప్రాక్టీసు అని పేరు కనుక, విద్యార్థి తనతో తానే చర్చించుకోవాలని భావం. సవిమర్శకముగా అనేచోట మాత్రం ఆగక తప్పదు. విమర్శతో కూడినది సవిమర్శము. చివరి కకారం ఎక్కడిదంటే, సకర్మక శబ్దంలో వలె బహువ్రీహికి చేరే కప్ ప్రత్యయమని ఒక సమాధానం. దానిని ఒప్పుకోనివారికి ‘విమర్శకునితో కూడినట్లుగా’ అనే అర్థమే మిగులుతుంది, అప్పుడు హాల్లో ఉన్న విమర్శకుడు ఇన్విజిలేటరు ఒక్కడే.

ఇక మార్కుల సంగతి. 75 మార్కులకు 180 నిమిషాలైతే పది మార్కుల వాటా సరిగ్గా 24 నిమిషాలు, అనగా ఒక ఘడియ. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగిగిన్నెను నీటిపై తేలవిడిచి, అది నిండి మునిగేదాకా పట్టిన కాలాన్ని పూర్వులు ఘడియగా లెక్కించేవారు. అటువంటివి రోజుకు 60. ఆ ఒక్క ఘడియలో నూరు పద్యాలు చెప్పడం ఘటికాశతం, అనగా పద్యానికి పదిహేను సెకన్లైనా లేవు. ఉయ్యూరు మీదుగా పోయే దారి చేరే బందరులోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి శతావధానాలు చేశారు. అవధానంలో పృచ్ఛకుడు, అనగా ప్రశ్న అడిగేవాడు, ఎదుటే కూర్చుని పద్యం చివరిదాకా వింటాడు, తప్పు దొర్లితే అక్కడికక్కడే పట్టుకుంటాడు. అనవసరమైనది చెప్పనని మాట ఇచ్చిన వ్యాఖ్యాత మల్లినాథసూరి బాట నుంచి ఈ టీక ఇప్పటికే ఒక ఘడియ దూరం తప్పిపోయింది గనుక మూలానికి మరలవలసి ఉంది.

డిగ్రీ పృచ్ఛకుడు ఎదుట ఉండడు. విద్యార్థి పంక్తికి నాలుగు మాటల చొప్పున పేజీలు నింపి, స్కెచ్ పెన్నుతో శీర్షికల కింద గీతలు కొట్టి, అడిషనల్ షీట్లను దారంతో కట్టి అప్పగిస్తాడు. ఆ కట్టలో ఏ వాక్యం నిలిచిందో, ఏది కూలిందో అతనికి తెలిపేవారు లేరు, అంకె ఒక్కటే తిరిగి వస్తుంది. తన రాతపై ఒక్క విమర్శా చూడనివాడు మహాకవిని సవిమర్శకంగా చర్చించాలట!

తాత్పర్యము: కకారాన్ని ఎలా సమర్థించినా, లేనిది విమర్శకుడే. అధ్యాపకులు సెమిస్టరుకు ఒక్క వ్యాసాన్నైనా పరీక్షకు ముందే రాయించి, ఎర్రసిరాతో దిద్ది, విద్యార్థి చేతికి తిరిగి ఇవ్వవలసినదిగా ప్రార్థన.