వేషముతో వచ్చిన వైరాగ్యము

ఇటలీ పునీతుడు పాద్రె పియో వేషము కట్టిన హాలీవుడ్ నటుడు షయా లబూఫ్ మహాశయుడు భద్రమైన అభ్యంగనము పొంది కతోలిక సంఘమున సంపూర్ణముగా చేరెననియు, డీకను పదవిపైన గూడ మనసు పడినాడనియు వార్తలు వెలువడినది మొదలు, ఏబెల్ ఫెరారా తీసిన ‘పాద్రె పియో’ చిత్రమును గూర్చి నోరు విప్పిన ప్రతి పెద్దమనిషియు చిత్రమును విడిచి నటుని ఆత్మను పరీక్షించుటకే పూనుకొనుచున్నాడు. కపూచిన్ మఠమున బసచేసెనట, గడ్డము పెంచెనట, లాటిను పూజ నేర్చెనట, కెమెరా ముందర గంటకు పైగా ఆయన పూర్వచరిత్ర నాలకించిన రాబర్ట్ బారన్ మేత్రాణులే తుదకు అభ్యంగనమును ఇచ్చిరట.

మన పద్యనాటకములలో హరిశ్చంద్రుడు తెల్లవార్లు కాటిసీను పద్యములు రాగము తీసి తీసి చదివి, వన్స్‌మోర్లన్నియు తీర్చి, తెర పడగానే రంగు కడుగుకొని కాఫీ హోటలుకు పోవునే గాని, మరునాడు మునిసిపాలిటీవారికి కాటికాపరి ఉద్యోగమునకై దరఖాస్తు పెట్టుకొనడు. పెట్టుకొన్నను దానిని నాటకపు కరపత్రమున అచ్చు వేయింపడు.

నటుని విశ్వాసము నిజమైనదే కావచ్చును. తొలుత తన్నచటికి లాగినది కూలిపోవుచున్న వృత్తిని నిలబెట్టుకొను ఆశయేనని ఆయనే ఒప్పుకొన్నాడు. ఆ మాటకు నమస్కారము. ఆ విశ్వాసమును టికెట్టుకు అంటించి అమ్మువారిని చూచిననే నాకు ఒళ్లు మండును. 2020లో ఆయనపై మాజీ సహచరి వేసిన హింసారోపణల వ్యాజ్యము న్యాయస్థానమున నలుగుచుండగనే, పత్రికలవారు తీరికగా పాపవిమోచనము ప్రసాదించివేసిరి. తెరపైన మాత్రము, పురుషవేషమున వచ్చిన నటి ఆసియా అర్జెంటో పాపసంకీర్తనము చేయబోగా, పునీతులవారు అమెరికా వీథిబూతు నొకదానిని విసరి నోరు మూయుమని గద్దింతురు. దక్షిణ ఇటలీలోని పూల్యా కూలివాండ్రందరును ఇటలీ యాసతో ఇంగ్లీషు మాటలాడుదురు. అదియు భక్తియే కాబోలు!

ఇంతకును పియో మఠమున్న సాన్ జొవాన్ని రొతోందోలో జరిగినదేమి? మొదటి ప్రపంచయుద్ధమునుండి కుంటుచు మరలివచ్చిన కూలివాండ్రకు భూస్వాములు భూమి నీయలేదు; వారు ఓటు వేసి సోషలిస్టులను గెలిపించిరి; 1920 అక్టోబరు 14న పురపాలక భవనముపై ఎఱ్ఱజెండా నెత్తబోగా కాల్పులు జరిగి 14 మంది చచ్చిరి. మఠములోని గురువు పియో దేహమున క్రీస్తు పంచగాయములు కనబడి అప్పటికి రెండేండ్లు. ఆ గాయములను చూడ దేశదేశముల జనము బారులు తీరిరి. ఈ కూలివాండ్ర గాయములను చూడ ఎవడు వచ్చెను? ఆ ఏడే మాజీ సైనికుల జెండాను పియో ఆశీర్వదించెనని చరిత్రకారుడు సెర్జియో లుజ్జాత్తో వ్రాసియున్నాడు. ఆ జెండా ఎవరిది, ఈ తుపాకి ఎవరిది, రెంటి నడుమ బంధుత్వ మేమి? అడుగవలసిన ప్రశ్న అదియే! చిత్రము దాని నడుగదు. మఠమును ఒక కథగను, వీథిని మరియొక కథగను నడపి, రెంటి నడుమ గోడ కట్టి, గోడకీవల నటుని ఏడ్పు వినుచు కూర్చుండుమని మనకు ఆసనము చూపును. దరిద్రుల చావును ఒకని మనశ్శాంతికి వెనుకతెరగా వాడుకొనుట సిగ్గుమాలిన పని.

వేషము ఆ పునీతునికిని తప్పలేదు; 2008లో ఆయన కళేబరమును వెలికి తీసి, ముఖమునకు సిలికాను తొడుగు వేసి ప్రదర్శనకు పెట్టిరి. దానిని గూర్చి వేరే చెప్పనేల?

పూజ నేర్చిన నటుని ప్రతి పత్రికయు పలకరించినది. చచ్చిన కూలివాని వేషము వేసినవాడు ఎవని పొలములో ఎన్నాళ్లు కోత కోసి, ఎన్ని పూటలు పస్తుండి ఆ పాత్రను సాధించెనో ఒక్క విలేఖరి యైనను అడిగినట్లు నేను వినలేదు.