కంబళ సంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

చలికి గుర్రపిల్ల సన్నగా వణికెనా
వాన గాలి కలసి వచ్చు వేళ
కప్పు దుప్పటొకటి, కాకున్న మానుమా,
ఒంటి బొచ్చె దానికున్న రగ్గు.

అవతారిక. ఈ పద్యం అమెరికాలోని మిన్నెసోటా చలిని ఉద్దేశించింది. ఆ రాష్ట్రంలో టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న సున్నాకు దిగువన 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అంత కాకపోయినా అందులో సగం చలి అక్కడ ఏటా ఉండేదే. అలాంటి రోజున ఏడాది నిండని గుర్రపిల్ల ఆరుబయట నిలబడి ఉంటే, రెండు స్వెట్టర్లూ ఒక కోటూ తొడుక్కున్న యజమానికి కడుపు తరుక్కుపోతుంది. పద్యం పుట్టింది ఆ యజమాని కోసం. కవి పేరు తెలియదు. గణాలు సరిపోయాయి, యతి తప్పలేదు, అంతవరకు నయం.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ మాటలో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగం సంగతి గుర్రాలున్నవాళ్లు తేల్చుకోవాలి.

ఇక ప్రతిపదార్థం. చలికి = చలి చేత. ఎవరి చలి? చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఒంటి మీద బట్ట లేకపోతే మనిషి శరీరం 27, 28 డిగ్రీల దగ్గరే వేడి కోసం పాట్లు మొదలుపెడుతుంది. దట్టమైన బొచ్చు పెరిగి, ఆ బొచ్చు పొడిగా ఉన్న గుర్రానికి ఆ అవసరం సున్నాకు దిగువన 8 డిగ్రీల దాకా రాదు. అదే గుర్రం తడిసి ముద్దయితేనో, వేసవి బొచ్చుతోనే ఉంటేనో 15 డిగ్రీలకే చలి మొదలు. ఒకే జంతువుకు ఇరవై పైచిలుకు డిగ్రీల తేడా. కాబట్టి గోడకు వేలాడే థర్మామీటరు ఒక్కదాన్నే చూసి దుప్పటి కప్పేవాడు ఈ పదానికి అర్ధార్థమే గ్రహించాడని తెలియాలి.

గుర్రపిల్ల = వసంతంలో పుట్టి, ఏడెనిమిది నెలల వయసులో మొదటి శీతాకాలం చూస్తున్నది. కవి ఉత్త ‘గుర్రం’ అనకుండా ‘పిల్ల’ అన్నాడంటే కారణం ఉంది. చిన్న ఒంటికి, దాని బరువుతో పోలిస్తే, చర్మం ఎక్కువ. వేడి తొందరగా బయటికి పోతుంది. పైగా తిన్నదాంట్లో కొంత ఎముకకూ కొంత కండకూ పోవాలి. పెద్ద గుర్రం నిశ్చింతగా గడిపే రాత్రే పిల్లకు ఖరీదైన రాత్రి కావచ్చు. పెద్దవాటి లెక్కను పిల్లకు యథాతథంగా అంటగట్టరాదు.

సన్నగా వణికెనా = సన్నగా వణికినట్లయితే. ఇక్కడ టీకాకారుడు కవితో ఏకీభవించడు. వణుకు ఆలస్యంగా వచ్చే కబురు. అంతకుముందే పిల్ల గాలికి వెన్ను తిప్పుతుంది, తోకను పిర్రల మధ్య నొక్కుకుంటుంది, మేత దగ్గరికి రాకుండా ముడుచుకుని నిలబడుతుంది. చూపును నమ్మేవాళ్లకు మరో చిక్కు: శీతాకాలపు బొచ్చు ఎముకల్ని దాచేస్తుంది. దూరం నుంచి బొద్దుగా కనిపించిన పిల్ల దగ్గరికి వెళ్లి, చేతితొడుగు తీసి, బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి పక్కటెముకల మీద అడ్డంగా రాస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎముక మీద పలచగా కొవ్వు తగలాలి. మెట్లు లెక్కపెట్టినట్టు ఎముకలు తగిలితే మేత పెంచాలి, పశువైద్యుణ్ణి పిలవాలి.

ఇంకో సంగతి. పిల్ల వీపు మీద మంచు పేరుకుని కరగకుండా ఉంటే చూసినవాళ్లు అయ్యో అంటారు. అది శుభశకునం. లోపలి వేడి బొచ్చు దాటి బయటికి రావడం లేదు కనుకనే పైన మంచు కరగలేదు.

వాన గాలి కలసి వచ్చు వేళ. పద్యానికి ప్రాణం ఈ పాదం. చలి వేయగానే గుర్రం రోమాలు నిక్కబొడుచుకుంటాయి. వాటి నడుమ చిక్కిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది. పొడి మంచు దాన్ని పెద్దగా చెరపలేదు. వాన బొచ్చును ఒంటికి అంటించేస్తుంది, ఈదురుగాలి మిగిలిన వేడిని ఊడ్చుకుపోతుంది. అందుకే సున్నాకు దిగువన 5 డిగ్రీల ఎండపూట కంటే, సున్నాకు ఎగువన 4 డిగ్రీల ముసురు పూట ప్రమాదం.

దీనికి గుర్రాల సాక్ష్యమే ఉంది. నార్వేలో సెసిలీ మెయ్‌డెల్ బృందం 23 సవారీ గుర్రాలకు మూడు పలకలు చూపించి చదువు చెప్పింది. అడ్డగీత ఉన్న పలకను ముట్టెతో తాకితే దుప్పటి కప్పుతారు, నిలువుగీతను తాకితే తీస్తారు, ఖాళీ పలకను తాకితే ఉన్నట్టే ఉంచుతారు. రెండు వారాల్లో ఇరవై మూడూ నేర్చుకున్నాయి. ఎండపూట దుప్పటి తీసెయ్యమన్నాయి. చలివాన కొట్టిన రోజు కప్పుకోనివి కప్పమన్నాయి, కప్పుకున్నవి ఉంచమన్నాయి. ఈ పరిశోధన 2016లో అచ్చయింది. ఆటవెలది రెండో పాదాన్ని గుర్రాలు తమంతట తాము సమర్థించిన సందర్భం ఇది. అవి సవారీకి అలవాటుపడ్డ గుర్రాలు, తల్లిపాలు కొత్తగా మానిన పిల్లలు కావన్నది మాత్రం మరవకూడదు.

కప్పు దుప్పటొకటి. ‘దుప్పటి’ అంటే బయట తిరిగే గుర్రానికి నీరు దిగనిది అని అర్థం చెప్పుకోవాలి. నీరు దిగి తడిసిన దుప్పటి కన్నా ఉత్త ఒళ్లే మేలు. అంగళ్లలో గ్రాముల లెక్కన అమ్ముతారు: లోపల పీచే లేనివి సున్నా, మధ్యరకం 200, బరువైనవి 300 నుంచి 400. చదరపు మీటరుకు నింపిన పీచు బరువది. మొత్తం దుప్పటి బరువనుకుని కంగారు పడనక్కర్లేదు. రొమ్ము మధ్య నుంచి తోక దాకా పక్కగా టేపు పెట్టి కొలత తీస్తారు. అయితే పిల్ల పెరుగుతుంది. అక్టోబరులో అతికినట్టు సరిపోయింది ఫిబ్రవరికి భుజాల దగ్గర ఒరుసుకుని బొచ్చు ఊడగొడుతుంది. పట్టీలు నమలడం, కంచెకు రాసి చింపడం, పక్కదాని దుప్పటి పళ్లతో లాగడం ఈ వయసు ముచ్చట్లు. కప్పడంతో పని అయిపోదు. రోజూ ఒకసారి విప్పి చూడాలి. భుజం దగ్గర చెయ్యి దూర్చినప్పుడు చెమట తగిలితే వెంటనే తీసెయ్యాలి.

కాకున్న మానుమా = అలా కాకపోతే మానెయ్యి. దీని వెనక సూర్యుడున్నాడు. బొచ్చు పెరుగుదలను నడిపేది ప్రధానంగా పగటి నిడివి. పొద్దు తగ్గేకొద్దీ బొచ్చు దట్టమవుతుంది. డిసెంబరు 22 దాకా అది పెరుగుతూనే ఉంటుందనీ, అంతకుముందే దుప్పటి కప్పితే సహజమైన బొచ్చు తగ్గుతుందనీ మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు రైతులకు చెబుతారు. అక్టోబరు చలికే జాలిపడి కప్పినవాడు మార్చి దాకా కప్పుతూ కూర్చోవాలి.

ఒంటి బొచ్చె దానికున్న రగ్గు. అలంకారం ఏమిటి? బొచ్చును రగ్గుగా చెప్పాడు కనుక రూపకమని పూర్వపక్షం. పైన చెప్పినట్టు బొచ్చు చేసేది అచ్చంగా రగ్గు పనే కనుక ఇది స్వభావోక్తి అని టీకాకారుడి సిద్ధాంతం.

తాత్పర్యం: బొచ్చు పొడిగా, కడుపు నిండుగా, గాలికి ఒదగడానికి మూడు గోడల పాక ఉన్న ఆరోగ్యమైన పిల్లకు చాలా రోజులు దుప్పటి అక్కర్లేదు. చలివానలో తలదాచుకునే చోటు లేకపోతే కావాలి. బక్కచిక్కినదానికీ జబ్బుపడ్డదానికీ కావాలి. జనవరిలో ఫ్లోరిడా నుంచి లారీలో దిగినదానికి తప్పక కావాలి, ఎందుకంటే దాని బొచ్చు ఇంకా ఫ్లోరిడాలోనే ఉంది.

విశేషాంశం. పద్యంలో పెద్ద లోపం, గడ్డి ప్రస్తావన లేకపోవడం. ఎండుగడ్డి గుర్రం పెద్దపేగుల్లో పులుస్తూ వేడి పుట్టిస్తుంది. దాణా ఆ పని అంతగా చెయ్యదు. చలి హద్దు దాటాక ఫారెన్‌హీట్‌లో ఒక్కో డిగ్రీకి మేత అవసరం దాదాపు ఒక శాతం పెరుగుతుందని లెక్క. పది డిగ్రీలు దిగితే పెద్ద గుర్రానికి ఇంచుమించు కిలో గడ్డి అదనం. దుప్పటి కొనడానికి ముందు గడ్డిమోపు తూచి చూడమని కవి ఒక్క మాట అనాల్సింది.

నీళ్ల ఊసు కూడా ఎత్తలేదు. తొట్టిలో నీళ్లు గడ్డకట్టే చల్లదనానికి దిగితే గుర్రం తాగడం తగ్గిస్తుంది. పొడిగడ్డి తింటూ నీళ్లు తాగకపోతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. ఆటవెలదిలో చోటు చాలలేదంటే సీసం రాసుకోవాల్సింది.