ఏటా కొత్త దగ్గే అనుకున్నా

"ఇంకా తగ్గలేదా ఆ దగ్గు?" అని ఎవరడిగినా నా జవాబు సిద్ధంగా ఉండేది. "పోర్టు దుమ్మండీ!" విశాఖ వన్‌టౌన్‌లో ఇల్లు. కిటికీ గట్టు మీద వేలితో రాసి, అంటిన నల్లటి పొడిని సాక్ష్యంగా చూపించేవాణ్ణి. ఆ దుమ్ము అబద్ధం కాదు. పాత నగరం జనం ఏళ్ల తరబడి దాని గురించి మొత్తుకుంటూనే ఉన్నారు. అబద్ధమాడింది నేను. జేబులో సిగరెట్ పెట్టె పెట్టుకుని, పాపమంతా బొగ్గు ఓడల మీదకు నెట్టేశాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కార్తీకంలో మొదలైన నా దగ్గు మాత్రం అప్పటికీ కదిలేది కాదు. అయినా ఏటా దాన్ని కొత్త జలుబుగానే లెక్కేశాను. కళ్లె పచ్చబడితే చాలు, మందుల షాపుకెళ్లి నేనే పేరు చెప్పి యాంటీబయాటిక్ కొనడం, కాస్త నెమ్మదించగానే ఆపేసి మిగతా మాత్రలు డ్రాయర్లో దాచడం. మీ డ్రాయర్లోనూ ఓ సగం స్ట్రిప్పు ఉండే ఉంటుంది, మొహమాటపడకండి. జలుబు వెనకాలే వచ్చే మామూలు బ్రాంకైటిస్ చాలావరకు వైరస్ పనే. కళ్లె రంగు చూసి బాక్టీరియా అని తేల్చలేం. రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నాది నెలల తరబడి సర్దుకోకపోతే, అది వేరే సంగతని తట్టొద్దూ?

చివరికి మా ఆవిడ ఆటో ఎక్కించి పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. తెలిసినవాళ్లు చూస్తే టీబీ అనుకుంటారని గేటు దగ్గరే మొహానికి తువాలు చుట్టేశాను. ప్రాణం కన్నా పరువు ఎక్కువైపోయింది! కళ్లె పరీక్షలో టీబీ లేదు, ఎక్స్‌రేలో న్యుమోనియా లేదు. మిగిలింది స్పైరోమెట్రీ. ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం, "గట్టిగా పీల్చండి, ఊదండి, ఊదండి, ఆపకండి!" అని ఆ అమ్మాయి కేకలు, ఆర్కే బీచ్‌లో అలల్ని వెనక్కి తరిమేవాడిలా నేను మొదలెట్టడం, అంతలోనే దగ్గు తెర ముంచుకురావడం, గొట్టం జారి, కళ్లు మసకబారి, ముందుకు వంగితే జేబులోని సిగరెట్ పెట్టె సరిగ్గా ఆ అమ్మాయి కాళ్ల దగ్గర పడింది.

డాక్టరుగారు తిట్టలేదు. "ఏడాదికి ఎన్ని నెలలు? ఎన్నేళ్ల నుంచి?" అనడిగారు. వేరే కారణం లేకుండా, కళ్లెతో కూడిన దగ్గు ఏడాదికి కనీసం 3 నెలల చొప్పున వరసగా 2 ఏళ్లుంటే అది దీర్ఘకాలిక బ్రాంకైటిస్. గాలిగొట్టాలు ఎంత ఇరుకయ్యాయో చెప్పేది ఊదుడు పరీక్ష. నేను విడివిడిగా పెట్టుకున్న చలికాలాల్ని ఆయన ఒకచోట కూడారు, అంతే.

దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోండి. సర్కారు ఆసుపత్రిలో టీబీ పరీక్షకు డబ్బు తీసుకోరు. సిగరెట్ సంగతి మీరే ముందుగా డాక్టరుకు చెప్పేయండి.