యాభై మీటర్ల ఆరోగ్యం

మన పిల్లల ఆరోగ్యం ఎంత పొడవుంటుందో తెలుసా? యాభై మీటర్లు. కొలిచింది నేను కాదు, సాక్షాత్తూ ప్రభుత్వమే. కొవ్వు, ఉప్పు, చక్కెర దట్టించిన తిండిని బడిలోగానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలగానీ అమ్మరాదని దేశ ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధన రాసింది. ఏ బడి దగ్గరికైనా వెళ్లి చూడండి. గేటు పక్క కొట్టుకు తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల పాకెట్లే ముందు కనిపిస్తాయి. టేపు పట్టుకుని వచ్చిన అధికారి ఒక్కడైనా మీకు తారసపడ్డాడా? తోపుడు బండి మీద జామకాయలమ్మే అవ్వను మాత్రం ట్రాఫిక్ పేరు చెప్పి తరిమేస్తారు. పాకెట్ల కొట్టు పదిలం!

పెద్దల మాటలు వినండి. 2025 జనవరిలో ఆర్థిక సర్వే అల్ట్రా ప్రాసెస్డ్ తిండి మీద బెంగపడింది. దానిపై పన్ను పెంచే సంగతి ఆలోచించమంది. ఫిబ్రవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఊబకాయం గురించి ఆవేదన చెందారు. వంటనూనె పది శాతం తగ్గించుకోమన్నారు. బాగుంది. మరి సెప్టెంబరు 22న ఏం జరిగింది? బిస్కెట్లు, చాక్లెట్లు, కార్న్‌ఫ్లేక్స్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు జారింది. దానికి ఉత్సవం కూడా! నూనె మీరు తగ్గించండి, పన్ను మేం తగ్గిస్తాం. ఇదీ ఒప్పందం.

పాకెట్ ముందువైపు హెచ్చరిక వేయమంటే? చిలీ 2016 నుంచీ ‘చక్కెర ఎక్కువ’ అని నల్లటి అష్టభుజి ముద్ర కొట్టిస్తోంది. మనవాళ్లు 2022లో ముసాయిదా తెచ్చారు. హెచ్చరికలు కాదు, నక్షత్రాలు! ఎంత పనికిమాలిన సరుకైనా అర నక్షత్రం గ్యారంటీ. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మూడు నెలల్లో తేల్చమంది. జులైలో ఇంకో మూడు నెలలు పొడిగించింది. గడువుకు గడువు పుడుతుంటే పిల్లల నడుములు ఆగుతాయా?

కంపెనీల ప్రేమ మరీ ముచ్చటగా ఉంటుంది. భారత్‌లో అమ్మే పసిపిల్లల తిండి సెరెలాక్‌లో ఒక్కో మోతాదుకు సగటున 2.7 గ్రాముల చక్కెర కలుపుతున్నారనీ, జర్మనీ, బ్రిటన్లలో అమ్మేదానిలో కలపడం లేదనీ 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ బయటపెట్టింది. అక్కడి పసివాళ్లకు పళ్లున్నాయి, మనవాళ్లకు లేవనా? అదే నెలలో బోర్న్‌విటాలాంటివాటిని ‘హెల్త్ డ్రింక్స్’ వరసలోంచి తీసేయమని కేంద్రం ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. అసలు ఆహార చట్టంలో అలాంటి వర్గమే లేదట. మరి ఇన్నేళ్లూ ఆ పేరుతో పాలల్లో కలిపి తాగించిందేమిటి సార్?

ఇక సర్కారు వారి వడ్డన. బియ్యం కాక పప్పు, కూర, నూనె, పోపు, గ్యాసు అన్నీ కలిపి ప్రాథమిక బడి పిల్లాడి మధ్యాహ్న భోజనానికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. 2025 మే నుంచి పెంచాక వచ్చిన అంకె ఇది! పిల్లల పోషణ మీద సమీక్ష పెట్టినప్పుడు అధికారుల ముందుంచే జీడిపప్పు ప్లేటు ఎంతో కాస్త ఆరా తీయండి. ఆ బడిలో పొయ్యి దగ్గర నిలబడే అమ్మకు బిల్లు నెలల తరబడి రాదు. ఆవిడ ఉద్దెర తెచ్చి వండుతుంది. 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా చాటి, జీ20 అతిథులకు వాటితో విందు చేశాం. మన బుడ్డోడికి దక్కిందేమిటి? ‘మిల్లెట్’ అని పెద్దక్షరాల్లో రాసి, మైదా, చక్కెర దట్టించిన బిస్కెట్టు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? “మావాడు కూర ముట్టడండీ” అని మురిసిపోతూ చెబుతాం. వాడి చేతిలో ఫోను, ఒళ్లో చిప్స్ పెట్టిందెవరు? తోటకూర పప్పు తినమని పిల్లాడికి నీతులు చెబుతూనే నాన్నగారు యాప్‌లో బిర్యానీ వెతుకుతుంటారు. చక్కెర ముప్పు చెప్పే బోర్డులు పెట్టమని 2025లో సీబీఎస్‌ఈ బడులను ఆదేశించింది. ఆ బోర్డు కిందే పుట్టినరోజు చాక్లెట్లు పంచిస్తాం. ఫొటో కూడా దిగుతాం.

నిజానికి కడుపులోంచే చిప్స్ రుచి తెలుసుకుని పుట్టే బిడ్డ ఉండడు. కాకర చేదు, గోంగూర పులుపు, జొన్నరొట్టె కమ్మదనం అలవాటు చేస్తేనే వస్తాయి. కొత్త కూర నోటికి నచ్చాలంటే ఎనిమిది, పదిసార్లయినా రుచి చూపించాలని పోషకాహార నిపుణులు చెబుతూనే ఉన్నారు. మనం రెండోసారికే చేతులెత్తేస్తాం. కంపెనీవాడు మాత్రం ఆ పాఠం కంఠతా పట్టాడు. అందుకే క్రికెట్‌లో ఓవర్ ఓవర్‌కూ హీరోగారితో నమిలిస్తాడు. ఫలితం? దేశ రోగభారంలో 56.4 శాతం చెడు తిండి వల్లేనని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో అంచనా కట్టింది. సగానికి పైన! ఆ మాట ఢిల్లీకి చేరేసరికి పన్ను తగ్గింపైపోయింది.

ఓటు కోసం గుమ్మం తొక్కే నాయకుణ్ని ఈసారి ఊరికే పంపకండి. చేతిలో 6 రూపాయల 78 పైసలు పెట్టండి. వండి చూపించమనండి. దాన్నే ఆయన మనవడికి తినిపించమనండి. ఆ తర్వాత మీ ఇంట్లో టీవీ కట్టేసి, పిల్లలకు పెట్టిన కూరే మీరూ కలుపుకోండి. మీరు ముట్టని కాకరకాయ వాడెందుకు తింటాడు?