టు-లెట్ చూపులు

అమీర్‌పేటలో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు టు-లెట్ బోర్డు కట్టారు. అద్దెకు వచ్చినవాణ్ని గుమ్మంలోనే నిలబెట్టి ఇంటర్వ్యూ మొదలుపెట్టారు.

ఊరేది? ఉద్యోగమేది? పెళ్లయిందా? కాలేదా! ఎందుకు కాలేదు?

కులం మాత్రం అడగలేదు. పాపం, సంస్కారవంతులు. ఇంటిపేరు అడిగి ఊరుకున్నారు.

పెళ్లిచూపుల్లో నయం, ఉప్మా అయినా పెడతారు.

‘బెడ్‌రూమ్ ఎక్కడండీ?’

‘మీరు నిలబడింది అందులోనే బాబూ.’

ఇది నచ్చకపోతే పైన వాటర్ ట్యాంకు పక్కన రేకుల గది ఉంది. దాని పేరు పెంట్‌హౌస్. మే నెలలో బియ్యం కడిగి గట్టు మీద పెడితే చాలు, గ్యాస్ ఖర్చు కూడా కలిసొస్తుంది.

అగ్రిమెంటు పదకొండు నెలలకే. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలని ఓనరుగారి నమ్మకం! అందుకే ఆయన క్యాలెండర్లో పన్నెండో నెల ఉండదు. అద్దె వసూలుకు మాత్రం ఉంటుంది.

ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటొద్దని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం చెబుతోందని కుర్రాడు గొణిగాడు.

‘నమూనా అంటే శాంపిలే కదయ్యా! మనది ఒరిజినల్. నాలుగు నెలలివ్వు.’

ఖాళీ చేసేటప్పుడు అందులోంచి ఒక నెల రంగులకు పోతుంది. ఇంతకుముందు ముగ్గురు రంగులకు డబ్బిచ్చి వెళ్లారు. గోడ మాత్రం ఇంకా మొదటి సున్నంలోనే ఉంది.

డబ్బు లెక్కపెట్టుకుంటూ ఓనరుగారు నిట్టూర్చారు.

‘మావాడు బెంగళూరులో ఇల్లు దొరక్క అల్లాడుతున్నాడయ్యా. పది నెలల అడ్వాన్సు అడుగుతున్నారట. అసలు మనుషులేనా వాళ్లు?’